మా ర్యాంపు మీద టోల్‌గేటు

కారు కొన్న రోజునే నాకు పన్నుల మీద కోపం వచ్చింది. షోరూములో బిల్లు రాసే పెద్దాయన కాగితం నా ముందు పెట్టి, ఒక్కో గడి మీద పెన్ను ఆనిస్తూ, "ఇది లైఫ్ ట్యాక్స్ సార్" అన్నాడు. ఎవరి లైఫు అని అడిగాను. "బండిది సార్" అన్నాడు. బండి దాని లైఫులో ఎంత తిరుగుతుందో తెలియకుండా ముందే పన్ను ఎలా కట్టించుకుంటారని అడిగాను. ఆయన నా వంక జాలిగా చూసి మంచినీళ్లు తెప్పించాడు.

నా బాధలో న్యాయం ఉంది. నేను స్టీలు ప్లాంటులో ఉద్యోగం చేస్తాను. సీతమ్మధారలో మా ఇంటి నుంచి రోజూ బస్సులో వెళ్లి బస్సులో వస్తాను. కారు కొన్నది తిరగడానికి కాదు, మా మరదలు వాళ్లు కొన్నారని. కొన్నాక అది ఏడాదికి నాలుగైదుసార్లు కదిలేది. రెండుసార్లు సింహాచలం కొండకి, మిగతావి ఎవరివో పెళ్లిళ్లకి. మిగిలిన రోజులన్నీ అపార్ట్‌మెంటు కింద పార్కింగులో పడుకుని ఉండేది. డిక్కీలో మా ఆవిడ ఉల్లిపాయల బస్తా పెట్టుకునేది. వెనక సీటులో బియ్యం. వీధిలో పిల్లి ఒకటి టాపు మీద పడుకుని, నేను తలుపు తీస్తే తన ఇంట్లోకి ఎవరో దూరినట్టు చూసేది.

అలాంటి బండికీ, పొద్దున గాజువాక, మధ్యాహ్నం భీమిలి, సాయంత్రం మళ్లీ గాజువాక తిరిగే బండికీ ఒకే లెక్కన పన్నా? తిరిగేవాడు కట్టాలి గానీ ఊరికే ఉంచుకున్నవాడు ఎందుకు కట్టాలి? ఈ మాట నేను బస్సులో పక్కనున్నవాళ్లకి చెప్పేవాణ్ణి. మొదట్లో వినేవారు. తరవాత తరవాత నేను బస్సు ఎక్కగానే ముగ్గురు నలుగురికి ఒక్కసారిగా నిద్ర ముంచుకొచ్చేది.

అలా ఎవరూ వినని రోజుల్లో మా వీధికి కొత్త రోడ్డు వేశారు. రోడ్డు జానెడు పైకి లేచింది, మా అపార్ట్‌మెంటు ర్యాంపు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. రోడ్డుకీ ర్యాంపుకీ మధ్య ఒక గొయ్యి మిగిలింది. మొదటి వానకి దాని అంచులు విరిగి, కార్లు దిగేటప్పుడు అడుగున ఎవరో గునపంతో గీకుతున్నట్టు చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు విని ఎవరి కారో చెప్పగలిగేవాడు మా వాచ్‌మన్.

ర్యాంపు కొత్తగా కట్టించాలని డాబా మీద మీటింగు పెట్టారు. మాది పదిహేను ఫ్లాట్ల బిల్డింగు. కార్లు తొమ్మిది. అసోసియేషన్ ప్రెసిడెంటు పై అంతస్తులో ఉండేవాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ రొయ్యల వ్యాపారంలో స్థిరపడిన మనిషి. ఆయన కారు గేటులోంచి లోపలికి వస్తుంటే రెండువైపులా గోడలు ఊపిరి బిగబట్టేవి.

"పదిహేను ఫ్లాట్లు, పదిహేను వాటాలండీ. అందరం సమానంగా వేసేసుకుందాం" అన్నాడాయన.

మూడో అంతస్తు టీచరమ్మ చెయ్యెత్తింది. ఆవిడ ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. వాళ్లది గోదావరి జిల్లా. కారు లేదు, స్కూటరు కూడా లేదు.

"నాకు కారు లేదు కదండీ. రెండు కాళ్లున్నాయి. నా కాళ్లు మీ ర్యాంపుని ఏం పాడుచేసేయండీ?"

"అలా కాదండీ, మీకు గ్యాస్ బండ వచ్చేది కూడా ఆ ర్యాంపు మీదేగా?"

"గ్యాసతను ఆటో వీధిలో ఆపేసి బండని బుజానేసుకుని వస్తన్నాడండీ, మీ గొయ్యి ధర్మమా అని. ర్యాంపు అరగ్గొట్టేది మీరూ, బుజం అరిగేది ఆయనకీనీ."

ఆవిడ కూర్చుంది. సరే, కార్లున్నవాళ్లే వేసుకుందాం, కారుకి ఒక వాటా అన్నాడు ప్రెసిడెంటు. ఇప్పుడు లేవడం నా వంతు.

"మీ బండి లారీకి తమ్ముడు. నాది ఆటోకి అన్నయ్య. రెంటికీ ఒకటే వాటా అయితే ఎలాగండీ?" అన్నాను.

అందరూ నవ్వారు. ప్రెసిడెంటు నవ్వలేదు. అప్పుడు రెండో అంతస్తులో ఉండే పోర్టు ఉద్యోగి ఒక ఉపాయం చెప్పాడు. ఆయనది శ్రీకాకుళం వైపు, మాది విజయనగరం వైపు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకుంటాం.

"బరువుని బట్టి ఏత్తే గొడవే నేదు కదా బావా? ఎవుల బండెంత తూగితే అంత. మా పోర్టులో అన్నీ అలాగే ఏత్తారు."

నా గుండె ఉప్పొంగింది. ఇన్నాళ్లకి పన్నుల్లో న్యాయం గురించి ఆలోచించే మనిషి ఇంకొకడు దొరికాడు. ప్రెసిడెంటు నా వైపు తిరిగి, "మీరెలాగూ పన్నుల మీద పరిశోధన చేస్తున్నారుగా. ఆ తూకం సంగతేదో మీరే చూడండి" అన్నాడు. అది వెటకారమని మా ఆవిడ తరవాత చెప్పింది. నాకు అప్పుడు తెలియలేదు. సంతోషంగా ఒప్పుకున్నాను.

ఆటోనగర్‌లో లారీలు తూచే కాటా ఉంది. లారీ దాని మీద ఎక్కితే పక్కన గదిలో అంకె కనిపిస్తుంది, చీటీ వస్తుంది. ఆదివారం పొద్దున అందరం కార్లు తీసుకుని అక్కడికి వెళ్లాలని తీర్మానించాం. తొమ్మిదింటిలో అయిదు బయల్దేరాయి. మిగతా నలుగురూ, "అన్నిటికంటే తేలికైనదానికి ఎంతొస్తే మాకూ అంతే రాసుకోండి" అని చెప్పి పంపించారు.

ముందురోజు సాయంత్రం పార్కింగులో సందడి చూడాలి. ప్రెసిడెంటు స్టెప్నీ టైరు దించేశాడు. జాకీ, కాళ్ల కింద మ్యాట్లు, సీటు కవర్లు దించేశాడు. డ్యాష్‌బోర్డు మీదున్న వెండి వినాయకుణ్ణి కూడా కళ్లకద్దుకుని ఇంటికి పంపించేశాడు. నేను ఉల్లిపాయల బస్తా, బియ్యం పైకి మోయించాను.

"ఇన్నాళ్లూ కారున్నాదని ఒక్కసారైనా సుకపడ్డానా అంటే ఆ ఉల్లిపాయలకాడే" అంది మా ఆవిడ. "ఇప్పుడవీ నట్టింట్లోకి తెచ్చేసారు. ఏటి సేత్తన్నారో మీకైనా తెలుత్తందా?"

పోర్టు బావ అందరికంటే ముందు ఆలోచన చేశాడు. ట్యాంకులో పెట్రోలు రబ్బరు గొట్టంతో తోడేశాడు. "పెట్రోలుకీ బరువుంటాది కదా బావా" అన్నాడు గొట్టం తుడుచుకుంటూ.

ఆ తెలివికి ఫలితం ఎయిర్‌పోర్టు దాటకముందే కనిపించింది. బావ కారు రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. వెనక వస్తున్న మేమూ ఆగాం. లాక్కుని వెళ్దామంటే తాడు కావాలి. "నా డిక్కీలో మంచి తాడుండేదండీ" అన్నాడు ప్రెసిడెంటు. "బరువని ఇంట్లో పెట్టొచ్చాను."

చివరికి ఒక లారీ డ్రైవరు ఆపి తాడిచ్చాడు.

"ఏపక్కకి ఎల్తన్నారు?" అని అడిగాడు.

"ఆటోనగర్. కాటాకి."

"లోడేటి?"

"లోడు లేదు. ఖాళీ కార్లే."

ఆయన అయిదు కార్లనీ ఒకసారి చూశాడు. మాలో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అన్నట్టు అడగబోయి, మానేసి, ముడి తనే గట్టిగా వేసి వెళ్లిపోయాడు.

కాటా దగ్గర ఇనుప ఊచల లారీలు, తుక్కు లారీలు బారుగా నిలబడి ఉన్నాయి. వాటి వెనక మా అయిదు కార్లూ నిలబెట్టాం. సాక్షిగా ఉంటాడని వాచ్‌మన్‌ని నా కారులో తీసుకొచ్చాను. కిటికీలోంచి తల బయటపెట్టి పెళ్లివారిలా చూస్తున్నాడు. నేను దిగి గదిలోకి వెళ్లాను. కాటా చూసేవాడు తలెత్తకుండా, "బండి నంబరు సెప్పండి" అన్నాడు.

"కార్లు తూచాలి."

ఇప్పుడు తలెత్తాడు. "తూసి?"

"పన్ను వెయ్యాలి."

అతను దిగ్గున లేచి నిలబడ్డాడు. కుర్చీ తుడిచాడు. కూర్చోండి సార్ అన్నాడు. టీ చెప్పమంటారా అన్నాడు. నాకు విషయం అర్థమయ్యేలోపల ఆ మాట లైనులోకి పాకిపోయింది. ఎవరో పెద్ద ఆఫీసర్లు అయిదు కార్లలో వచ్చారని, బరువు ఎక్కువేసిన లారీలని పట్టుకుంటున్నారని. నేను గుమ్మంలోంచి చూస్తూ ఉండగానే మా ముందున్న లారీ ఒకటి వెనక్కి వెళ్లిపోయింది. దాని వెనక ఇంకొకటి. వాచ్‌మన్ వాటికి దారి చూపిస్తూ, "రైటు, రైటు, రానీ రానీ" అంటున్నాడు. రెండు నిమిషాల్లో కాటా ఖాళీ అయిపోయి మా వంతు వచ్చేసింది. మేం ఎవరమో అతనికి చెప్పేసరికి టీ కూడా వచ్చేసింది. తాగక తప్పలేదు.

మొదట ప్రెసిడెంటు బండి ఎక్కింది. ఆయన దిగి దూరంగా నిలబడ్డాడు. అంకె ఆగడం లేదు. పైకీ కిందకీ ఊగుతోంది. చూస్తే పోర్టు బావ ఏదో మాట్లాడుతూ మెల్లగా వచ్చి ఆ కారు మీద చేరగిలబడి ఉన్నాడు.

"ఏవండీ! నా బండి మీంచి లేవండి ముందు!" అని అరిచాడు ప్రెసిడెంటు.

"వారినీ, సూసుకోనేదండీ" అన్నాడు బావ అమాయకంగా.

తరవాత బావ కారు. దానికి ముందు తాడు ఉంది, తాడుకి అవతల నా కారు ఉంది. విప్పకుండా తూస్తే తాడు బరువు ఎవరి ఖాతాలో వెయ్యాలని ప్రశ్న వచ్చింది. విప్పాం. అయిదుగురం కలిసి బావ కారుని తోసి ఎక్కించాం, తోసి దించాం. చివర్లో నా కారు. అంకె చూసి నా కడుపు నిండిపోయింది. ఎంత తేలికో! బియ్యం బస్తా తీసేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

అయిదు చీటీలూ నా చేతికిచ్చి, కాటా అతను కాసేపు తటపటాయించాడు.

"ఏటనుకోకండి గానీ సార్, బండి బరువు ఆర్సీ కార్డు మీద అచ్చేసుంటాది కదండీ. సూడనేదా?"

అయిదుగురం పర్సులు తీశాం. అయిదు కార్డులు బయటికొచ్చాయి. ఉంది. అందరి కార్డుల మీదా ఉంది. కారు కొన్న రోజు నుంచీ మా జేబుల్లోనే ఉంది. ఈ సంగతి ఇంటి దగ్గర ఎవరికీ చెప్పకూడదని తిరుగుదారిలో పెట్రోలు బంకులో ఒట్టు పెట్టుకున్నాం. వాచ్‌మన్ చేత కూడా పెట్టించాం. మేం కార్లు పార్కు చేసి పైకి వెళ్లేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "కార్డు నాకివ్వండి, ఉల్లిపాయల బరువు కూడా రాసుందేటో సూత్తాను" అంది.

ఇంత పరువు పోగొట్టుకుని తెచ్చిన చీటీలు తరవాతి మీటింగులో బల్ల మీద పెట్టాను. వాటాలు చదివారు. ప్రెసిడెంటు వాటాలో సగానికి పైనే నాకు పడింది. చూడ్డానికి కొండా గోలీకాయా అయినా, తూకంలో మా కార్ల మధ్య అంత తేడా లేదట. అప్పుడు నాకు నా అసలు సిద్ధాంతం గుర్తొచ్చింది.

"బరువు సరేనండీ. బరువు కదిలితే కదా ర్యాంపు అరిగేది? నా బండి కదలదు కదా. మీది రోజుకి నాలుగుసార్లు దాటుతుంది. ఎన్నిసార్లు దాటితే అన్ని వాటాలు పెట్టాలి."

"తూకానికి మమ్మల్ని ఆటోనగర్ దాకా తిప్పింది మీరేగా?" అన్నాడు ప్రెసిడెంటు.

"తూకం సగం న్యాయం. ఇది మిగతా సగం" అన్నాను.

ఎలా ఒప్పుకున్నారో నాకిప్పటికీ తెలియదు. మీటింగు ముగిస్తే చాలనుకున్నారేమో. ఆ మర్నాటి నుంచి వాచ్‌మన్ గేటు పక్క గోడ మీద సుద్దముక్కతో ఫ్లాటుకో గడి గీసి, కారు దాటినప్పుడల్లా ఒక గీత పెట్టడం మొదలుపెట్టాడు. నెల తరవాత గీతలు లెక్కపెట్టి వాటాలు వేస్తామన్నాం.

వారం తిరగకుండానే మనుషులు మారిపోయారు. ప్రెసిడెంటు రోజూ సాయంత్రం వాచ్‌మన్‌కి వేడివేడి మిరపకాయ బజ్జీలు తెచ్చిపెట్టేవాడు. పొట్లం విప్పిన చేత్తో అతను ఒక గీత చెరిపేసేవాడు. పోర్టు బావ ఇంజను ఆపేసి, భార్య స్టీరింగు పట్టుకుంటే తను వెనక నుంచి తోసుకుంటూ ర్యాంపు ఎక్కించేవాడు. "ఇంజనాడనేదు. ఆడనిది ట్రిప్పెలాగవుద్ది బావా?" అని వాదించేవాడు. మిగతావాళ్లు కార్లు లోపలికి తేవడమే మానేసి వీధిలో పెట్టుకున్నారు. వీధంతా మా కార్లే. పక్క బిల్డింగువాళ్లు పోట్లాటకి వచ్చారు. లోపల పార్కింగులో కదలకుండా ఒక్క నా కారే రాజులా నిలబడి ఉండేది. నా గడిలో ఒక్క గీత లేదు. రోజూ బస్సు దిగి వస్తూ ఆ ఖాళీ గడి చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఒక సాయంత్రం సముద్రం మీంచి వాన వచ్చి గంటసేపు దంచికొట్టింది. తెల్లారి చూస్తే గోడ శుభ్రంగా ఉంది.

"వరుణ దేవుడు మొత్తం మాఫీ సేసేసేడు బాబూ" అన్నాడు వాచ్‌మన్. అతని ముఖంలో దిగులేమీ కనిపించలేదు.

మళ్లీ మీటింగు పెడదామనుకుంటూ ఉండగానే ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ర్యాంపు మీద తడి సిమెంటు మెరుస్తోంది. చుట్టూ ఇటుకలు పేర్చి ఉన్నాయి. టీచరమ్మ గొడుగు వేసుకుని తాపీమేస్త్రి పక్కన నిలబడి ఉంది. రెండు రోజుల క్రితం గ్యాసతను బండ బుజాన వేసుకుని ఆ గోతిలో కాలు మెలిపెట్టుకున్నాడట. ఆవిడ ఇక ఎవరినీ అడగలేదు. తన డబ్బుతో మేస్త్రిని పిలిపించింది.

మేమందరం సిగ్గుపడ్డాం. ఎంత సిగ్గుపడ్డామంటే, మర్నాడు ప్రెసిడెంటు పూలగుత్తి కూడా తెచ్చాడు. ఆవిడ అది తీసుకుని, వాసన చూసి, "థాంక్సండీ. పదో రోజు నుంచి టోలు మొదలండీ" అంది.

హాస్యమనుకున్నాం. పదో రోజు పొద్దున్న చూస్తే గేటుకి అడ్డంగా నైలాన్ తాడు, తాడు మధ్యలో ఎర్ర రవికెగుడ్డ, పక్కన ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో టీచరమ్మ. ఒడిలో నోటుబుక్కు. గోడకి పలక వేలాడదీసి ఉంది. చిన్న కారు పది రూపాయలు, పెద్ద కారు ఇరవై, స్కూటరు రెండు, నడిచేవారికి ఉచితం.

మొదట వచ్చింది ప్రెసిడెంటు. అద్దం దించి, "నేను ప్రెసిడెంటునండీ" అన్నాడు.

"తెలుసండీ. అందుకే చిల్లర సిద్ధంగా పెట్టేను."

"మనలో మనకేంటండీ?"

"మనలో మనకి కాబట్టే రసీదు లేదండీ. బయటివాళ్లయితే రసీదు కూడా రాయాలి. పెట్టింది వచ్చేదాకానే. వచ్చిన రోజున తాడు నేనే తీసేస్తాను."

ఇరవై ఇచ్చాడు. తాడు కిందకి దిగింది.

ఆవిడకి మధ్యాహ్నం రెండు గంటలు పడుకునే అలవాటు ఉంది. ఈ సంగతి కనిపెట్టాక మా వాళ్లు ఎండ మండిపోయే రెండింటికి, దొంగల్లా చెప్పులు చేత్తో పట్టుకుని కిందకి దిగి కార్లు తీసేవారు. మూడో రోజున ఆవిడ తాడుకి నాలుగు స్టీలు గ్లాసులు కట్టింది. ఆ మధ్యాహ్నం పోర్టు బావ తాడెత్తగానే గణగణమని మోగాయి. మూడో అంతస్తు కిటికీ తెరుచుకుంది. "పది రూపాయలండీ!" అని పై నుంచి గొంతు. ఒక బుట్ట తాడుతో కిందకి దిగింది. బావ అందులో పది రూపాయలు వేశాడు.

నేను మాత్రం నడిచేవాణ్ణి. రోజూ తాడు పక్క నుంచి, ఉచితంగా, తలెత్తుకుని. "చూశారా టీచర్ గారూ, ఇదే నేను మొదటి నుంచీ చెప్తున్నది. తిరిగినవాడే కడుతున్నాడు" అనేవాణ్ణి. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి మళ్లీ నోటుబుక్కులోకి తల దించేది. ఆ రోజుల్లో భీమిలిలో మా బంధువుల పెళ్లి పడింది. కారు తీస్తే పోనూ రానూ ఇరవై టోలు. ఆవిడ నోటుబుక్కులో నా ఖాళీ పేజీ పాడవుతుందని ఆటో మాట్లాడాను. పట్టుచీర కొంగు గాలికి ఎగిరిపోతుంటే రెండు చేతులా పట్టుకుని మా ఆవిడ అంది:

"ఇరవై రూపాయలు మిగల్సడానికి ఆటోకి ఆరొందలు పోసారు. మీకు లెక్కలు సెప్పిన మేస్టరెవులు?"

నేను సూత్రం ముఖ్యమన్నాను. ఆవిడ పెళ్లి నుంచి మా మరదలు వాళ్ల కారులో తిరిగొచ్చింది.

కొన్నాళ్లకి పలక మీద రాత మారింది. 'ఎల్లుండితో ఆఖరు.' టీచరమ్మ పెట్టిన డబ్బు దాదాపు తిరిగి వచ్చేసిందట. నోటుబుక్కు అందరికీ చూపించింది. బండికో పేజీ. ప్రెసిడెంటు పేజీ రెండువైపులా నిండిపోయింది. బావది కూడా. నా పేజీ తీసి, "మీదొక్కటే తెల్లగా ఉందండీ" అంది. నిందగా అనలేదు. పరీక్ష పేపర్లో ఏమీ రాయని పిల్లవాడి పేపరు తిప్పి చూపించినట్టు అంది. పక్కనున్న వాచ్‌మన్ తొంగి చూసి, "పాపం, బాబుగోరి ఇంట్లో ఎవులూ ఉంటన్నట్టు నేదు" అన్నాడు.

ఆ మాట నన్ను రాత్రంతా కాదుగానీ భోజనం అయ్యేదాకా కెలికింది. సిమెంటు వేసింది ఒక కారు లేని మనిషి. డబ్బు తిరిగిచ్చింది మిగతా ఎనిమిది కార్లవాళ్లు. కారు ఉండి కూడా ఏమీ ఇవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే. రూలు ప్రకారం నాది తప్పు కాదు. అయినా ఆ తెల్ల పేజీ కళ్ల ముందు నుంచి కదల్లేదు. ఆఖరి రోజు పొద్దున్నే మా ఆవిడతో, "పద, కారు తీద్దాం" అన్నాను.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. ర్యాంపు ఎక్కీ దిగీ."

ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదని తేలాక వచ్చి కూర్చుంది. పిల్లిని దించి, కారు తీశాను. టీచరమ్మకి పది ఇచ్చాను. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాను. పది. మళ్లీ వెళ్లాను. పది. బాల్కనీల్లో జనం పోగయ్యారు. వాచ్‌మన్ తాడెత్తి దించలేక, "ఇదేటి బాబూ, గానుగెద్దులాగ" అన్నాడు. టీచరమ్మ నా తెల్ల పేజీలో ఒక్కొక్క గీతే నిటారుగా, నీటుగా పెడుతోంది. నాకు చాలా బాగుంది. నాలుగోసారి బయటికి వెళ్తూ ర్యాంపు సగంలో ఉండగా కారు ఆగిపోయింది.

పెట్రోలు. ఆరు నెలల క్రితం పోయించినది అయిపోయింది.

అది ఆఫీసులకి బయల్దేరే వేళ. నా వెనక ప్రెసిడెంటు కారు వచ్చి ఆగింది, దాని వెనక బావ కారు, స్కూటర్లు. ఎదురుగా వీధిలోంచి పాల వ్యాను. పైకి పోయే దారి లేదు, కిందకి దిగే దారి లేదు. అందరూ హారన్లు. ర్యాంపు ఏటవాలు మీద బ్రేకు తొక్కిపట్టుకుని నేను చెమటలు కక్కుతున్నాను. టీచరమ్మ కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వచ్చింది.

"చూశారా అండీ. మీ బండి ఇప్పుడు తిరగట్లేదు. ఊరికే ఉంది. మరి ఇంతమందికి ఇబ్బంది ఎందుకైనట్టండీ?"

ఇన్నేళ్లలో ఆ కోణం నాకు తట్టలేదు. మా ఆవిడ పక్కసీటులోంచి, "బాగా అడగండి టీచర్ గారూ, నాను అడిగితే సూత్రమంటారు" అంది.

"వాయింపు తరవాతండీ" అని అరిచాడు ప్రెసిడెంటు. "ముందు తోయండి!"

ఆయనే దిగి వచ్చాడు. బావ వచ్చాడు. పాల వ్యాను మనిషి వ్యాను పక్కకి తీసి వచ్చాడు. ముగ్గురూ కలిసి నా కారుని రోడ్డు మీదికి తోశారు. ప్రెసిడెంటు చొక్కా చెమటతో తడిసిపోయింది. "కాటా మీద తేలిగ్గా కనపడిందిగానీ" అని రొప్పుతూ అన్నాడు, "మీ బండి చాలా బరువండీ బాబూ." తరవాత మొదట నవ్వింది ఆయనే. టీచరమ్మ తాడు విప్పి, చుట్ట చుట్టి, గ్లాసులు తీసుకుని పైకి వెళ్లిపోయింది. చెప్పిన రోజుకి చెప్పినట్టే టోలు ఎత్తేసింది. అలా ఎత్తేసిన టోలు నేను చూడటం అదే మొదలు.

ఆ వారం కారుకి ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. ఇంట్లో ఉంచుకుని దాచడం కంటే ఎవరికైనా పనికిరావడం మేలని మా ఆవిడ తీర్మానించింది. ఆదివారం తెల్లవారకముందే టీచరమ్మని, మా ఆవిడని ఎక్కించుకుని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. బోట్లు అప్పుడే ఒడ్డుకి చేరుతున్నాయి. టీచరమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బురదలో నడిచి, ఒక గంప ముందు నిలబడి వంజరం చేపలకి బేరం మొదలుపెట్టింది.

"ఇదేం ధరండీ? పెద్దదానికీ చిన్నదానికీ ఒకటేనా?"

"ఒకటే అమ్మా" అంది గంపావిడ. "నచ్చితే తీసుకో, నేపోతే నేదు."

"అలా ఎలాగండీ? తూకం వెయ్యండి!"

గంపావిడ చుట్టూ చూసి, నా వైపు చెయ్యి చూపించి, "ఓ బాబూ, మీ అమ్మగోరికి సెప్పు, సేపలు తూసే యేళ కాదిది" అంది. నేను ఆ గొడవలో తలదూర్చలేదు. తూకం మాట ఎత్తితే నాకు ఇప్పటికీ టీ వాసన వస్తుంది. చివరికి ఇద్దరూ మధ్యలో ఒక ధరకి రాజీపడ్డారు. చేపలు వెనక సీటులో పెట్టుకుని ఇంటికి వచ్చాం. నీళ్లు కారి సీటంతా తడిసింది. ఇప్పుడు వీధిలో పిల్లులన్నీ మా కారు చుట్టూనే ఉంటున్నాయి.